ఫోటో వెనక వైపు

(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

 

'ఆన్‌లైన్‌లో ఫోటోల భద్రత' మీద ఓ పావుగంట మాట్లాడమని కమిటీ వాళ్లు నాకు అప్పగించారు. ఇంజనీరును కాబట్టి నాకు కంప్యూటర్ బాగా తెలుసని వాళ్ల నమ్మకం. నేను నీళ్ల ఇంజనీరును. పైపులు, ట్యాంకులు, బోర్లు నా పని. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ విషయంలో నాకు ఒకసారి గట్టి దెబ్బ తగిలింది. అది చెప్పే ముందు మన ఫోటో సంగతి ఒకటి చెప్పాలి.

మా 1985 పదో తరగతి బ్యాచ్ గ్రూప్ ఫోటో మీరంతా చూశారు. ఈ రెండు నెలల్లో నా ఫోన్‌కే ఐదుసార్లు వచ్చింది. మొదటిసారి అట్టతో సహా వచ్చింది. అట్ట కింది భాగంలో 'కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి' అని మా తెలుగు సార్ చేతిరాత ఉంది. రెండోసారి వచ్చినప్పుడు అట్ట లేదు, పేర్లూ లేవు. మూడోసారి కుడి అంచు కత్తిరించారు. ఆ అంచున నిలబడ్డది ఎవరో మా బ్యాచ్ వాళ్లకు తెలుసు. పదేళ్లు మనకు గంట కొట్టిన అటెండర్. నాలుగోసారి ఎవరో యాప్‌లో వేసి రంగులద్దారు. జీవితమంతా తెల్ల ఖద్దరు చొక్కా తప్ప తొడగని హెడ్మాస్టర్ గారికి ఆకాశం రంగు చొక్కా వచ్చింది. అది సరే అనుకుందాం, మొహాలు కూడా నునుపెక్కాయి. రెండో వరసలో మూడోవాణ్ని నేనే, నన్ను నేనే గుర్తుపట్టలేదు. ఐదోసారి దాని మీద గులాబీ పువ్వుతో 'శుభోదయం' వచ్చింది.

ఈ ఐదింటిలో ఒక్కదాని మీదా లేని పేరు ఒకటుంది. ఆ ఫోటో తీసినాయన పేరు.

మన తరం వాళ్లకు ఆయన గుర్తుంటాడు. బస్టాండ్ దగ్గర స్టూడియో. ఏటా ఫిబ్రవరిలో, పరీక్షలకు ముందు, సైకిల్ వెనక స్టాండు కట్టుకొని వచ్చేవాడు. 'కండ్లు మూయకుండ్రి, ఊపిరి బిగవట్టకుండ్రి' అనేవాడు. మనం రెండూ చేసేవాళ్లం. ఆయన తీసిన ఫోటోలతోనే మన బడి చరిత్ర సగం నిలబడింది. ఆటల పోటీలు, ఆగస్టు పదిహేను, కొత్త గదుల ప్రారంభం, చనిపోయిన సార్లకు దండ వేసిన బొమ్మలు, అన్నీ ఆయనవే. పదేళ్ల కింద మా బ్యాచ్ వాళ్లం ఓ చిన్న పుస్తకం వేసుకున్నాం. అందులో ఆయన ఫోటోలు పదకొండు వాడాం. ప్రింటింగ్ ప్రెస్ వాడి పేరు వేశాం, భోజనాలు పెట్టించినవారి పేరు వేశాం, ఈయన పేరు వేయలేదు. ఆ పుస్తకానికి ఫోటోలు చూసుకున్నది నేనే. మరిచిపోయానని కూడా అనలేను. అసలు తట్టలేదు.

ఈ మధ్య మా ఇంట్లో అసలు ప్రింటు దొరికితే వెనక్కి తిప్పి చూశాను. ఊదారంగు ముద్ర ఉంది. స్టూడియో పేరు, తేదీ, కింద పెన్సిల్‌తో ఒక నంబరు. ఇన్నేళ్లూ ఆయన తన పేరు వేస్తూనే ఉన్నాడు. స్కాన్ చేసేటప్పుడు మనమే వెనక వైపు చూడలేదు.

పేరు విషయంలో మన ప్రాంతంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. మహబూబ్‌నగర్‌కు ఆ పేరు 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద వచ్చింది. ఆ నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టాడు. నాకు ఆయన మీద ప్రత్యేక అభిమానం, ఎందుకంటే మా జాతివాడు. అంటే ఇంజనీరు. రూర్కీ కాలేజీలో చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేట్లు వేసుకునే ఉద్యోగి. అక్కడే కెమెరా పట్టాడు. తర్వాత ఉద్యోగం వదిలి హైదరాబాద్ వచ్చి సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. నిజాం ఆయనకు రాజా బిరుదు ఇచ్చాడు. 1905లో పోయాడు.

ఆయన ఫోటోలు ఎక్కడైనా దొరికితే కింది అంచు జాగ్రత్తగా చూడండి. చాలావాటి మీద సన్నగా ఆయన పేరు, ఒక నంబరు కనిపిస్తాయి. అది ప్రింటు మీద రాసింది కాదు, గాజు నెగెటివ్ మీదే రాసింది. అద్దంలో అక్షరాల్లా తిరగేసి రాస్తే ప్రింటులో నేరుగా పడుతుంది. ఒకసారి ప్లేటు మీద పడ్డ పేరు ఆ ప్లేటు నుంచి తీసే ప్రతి ప్రింటులోనూ వస్తుంది. ఇవాళ వాటర్‌మార్క్ అంటున్నది ఇదే. ఆ నంబరు వల్ల ఏ బొమ్మ ఏ కోటది, ఏ వేటది, ఏ దర్బారుది అని నూరేళ్ల తర్వాత కూడా రిజిస్టర్లతో పోల్చి చూడగలుగుతున్నారు. ఆయన గాజు ప్లేట్లు రెండువేలకు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. మన స్టూడియో ఆయన పెన్సిల్ నంబరు కూడా అలాంటిదే.

ఇక నాకు తగిలిన దెబ్బ సంగతి.

మన జిల్లా ఫ్లోరైడ్ కథ మీకు నేను చెప్పనక్కర్లేదు. ఈ గదిలోనే చాలామంది పళ్ల మీద ఆ గారలు ఉన్నాయి, నా పళ్ల మీదా ఉన్నాయి. 1996లో నల్గొండ లోక్‌సభకు 480 మంది నామినేషన్లు వేసి నిలబడ్డారు. గెలవడానికి కాదు, మా నీళ్ల గోస దేశం చూడాలని. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయ్యింది. మర్రిగూడ మండలం శివన్నగూడ అంశాల స్వామిని ఢిల్లీ దాకా తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయి ముందుంచారు. 2023లో పోయాడు పాపం. ఆయన బొమ్మ ఎన్ని పత్రికల్లో వచ్చిందో, ఎన్ని ఫోన్లలో తిరిగిందో లెక్క లేదు. ఆ బొమ్మల్లో ఏది ఎవరు తీశారని అడిగితే మనలో ఎంతమంది చెప్పగలరు? నేను చెప్పలేను.

2006లో ఓ ఆదివారం నేను ఆ వైపు ఊరొకదానికి వెళ్లాను. ఆఫీసు పని మీద కాదు. నా సొంత కెమెరా. (ఇది ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.) ఒక పెద్దాయన బోరింగు పక్కన అరుగు మీద కూర్చొని ఉన్నాడు. నడుము వంగిపోయింది, మెడ తిరగదు. ఫోటో తీసుకోవచ్చా తాతా అని అడిగాను.

'ఫోటో దీస్తే నీళ్లొస్తయా సారూ?' అన్నాడు.

ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. కాసేపటికి ఆయనే అన్నాడు, 'సరే దీసుకో. ఊరి పేరు రాయి. నా పేరు రాయకు, మనుమరాలు పెండ్లికున్నది.' ఆ ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. ఫ్లోరైడ్ ఊరి పిల్ల అంటే సంబంధాలు వెనక్కి పోయే రోజులవి.

తీశాను. ఆరేళ్ల తర్వాత ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఊరి పేరు రాశాను, ఏడాది రాశాను, ఆయన పేరు రాయలేదు. మాట నిలబెట్టుకున్నాననే అనుకున్నాను. కానీ నేను రాసింది ఫోటో మీద కాదు, ఫోటో పైన ఉండే రాతలో. ఎవరో బొమ్మ ఒక్కటి దింపుకున్నారు. రాత అక్కడే ఉండిపోయింది.

2017లో మా అమ్మాయి ఓ దుకాణంలో నీళ్ల ఫిల్టరు కరపత్రం చూసి ఇంటికి తెచ్చింది. 'నాన్నా, ఇది నువ్వు తీసిన తాతే కదా?' అంది. ఆయనే. పక్కన తెల్లగా నవ్వుతున్న ఓ కుటుంబం బొమ్మ, మధ్యలో బాణం గుర్తు. కింద వేరే రాష్ట్రంలోని ఓ జిల్లా పేరు. పైగా ఆయనకు ఒక పేరు కూడా పెట్టారు, కల్పించిన పేరు. ఆయన రాయమన్న ఊరి పేరు పోయింది, వద్దన్న మనిషి పేరు, అబద్ధపుదైనా సరే, వచ్చింది. అప్పటికి ఆ పెద్దాయన లేడు.

ఆ రాత్రి నెట్‌లో బొమ్మను బట్టి వెతికితే ఇంకో తొమ్మిది చోట్ల దొరికింది. ఒకచోట కరువు అన్నారు, ఒకచోట కీళ్లనొప్పుల నూనె అమ్మారు. ఉత్తరాలు రాశాను. ఓ విద్యార్థుల పత్రిక వాళ్లు క్షమాపణ చెప్పి ఊరి పేరు వేశారు. కొందరు తీసేశారు. ఫిల్టరు కంపెనీ వాళ్లు మొదట 'గూగుల్‌లో దొరికింది' అన్నారు. గూగుల్ ఆ ఆదివారం ఆ ఊరికి రాలేదని చెప్పాను. వకీలు నోటీసు పోయాక కరపత్రం ఆపారు. డబ్బు అడగలేదు. ఏ ముఖంతో అడుగుతాను? ఆ బొమ్మ అమ్ముకుంటే మొదటి వాటా నాది కాదు.

ఇక్కడ ఓ పక్క మాట. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ఓ చవక పద్ధతి ఉంది. పటిక, సున్నం కలిపి తేర్చడం. నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు తయారు చేశారు. దాని పేరు ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్'. టాంజానియాలో, ఇథియోపియాలో కూడా ఆ పేరే. ఎక్కడి బాధను చూసి పుట్టిందో ఆ ఊరి పేరు దాన్ని వదలకుండా అంటుకుని ఉంది. నా ఫోటోకు మాత్రం ఆ భాగ్యం పట్టలేదు.

చట్టం సంగతి కొంచెం చెప్తాను. వకీళ్లు ఎవరైనా ఉంటే తప్పులు దిద్దండి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ఫోటోకు కర్త ఎవరంటే దాన్ని తీసిన మనిషి. కెమెరా ఎవరిదన్నది ముఖ్యం కాదు, తీసింది ఎవరన్నది ముఖ్యం. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తీసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. ప్రభుత్వోద్యోగి డ్యూటీలో భాగంగా తీస్తే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు సర్కారుది. అందుకే ఆదివారం, సొంత కెమెరా అని ముందే చెప్పాను. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో అయితే, మళ్లీ వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవారిది. ఆ లెక్కన మన గ్రూప్ ఫోటోల మీద హక్కు స్టూడియో వాళ్లది కాదు, బడిదనే వాదించవచ్చు. మా కమిటీలో ఒక తమ్ముడు ఇదే పాయింటు లేవదీశాడు, 'మరి ఆయన పేరెందుకన్నా?' అని.

దానికి జవాబు అదే చట్టం 57వ సెక్షన్‌లో ఉంది. హక్కు ఎవరికి పోయినా, 'ఇది నేను చేసింది' అని చెప్పుకొనే హక్కు కర్తకే ఉంటుంది. తన పరువు పోయేలా దాన్ని మార్చినా, వికారం చేసినా అడ్డుకోవచ్చు. ఆయన తర్వాత ఆయన వారసులూ అడగవచ్చు. హెడ్మాస్టర్ గారి నీలం చొక్కాకు ఈ సెక్షన్ వర్తిస్తుందో లేదో కోర్టే చెప్పాలి గానీ, నా ఓటు మాత్రం వర్తిస్తుందనే. 2012 సవరణతో ఫోటో మీద కాపీరైట్ తీసినవారి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు అయ్యింది. దీన్‌దయాళ్ ఫోటోలకు ఆ కాలం ఎప్పుడో తీరిపోయింది. ఎవరైనా వాడుకోవచ్చు. వాడుకున్నవాళ్లలో మర్యాద ఉన్నవాళ్లు ఇప్పటికీ ఆయన పేరు వేస్తారు.

అదే సవరణలో ఇంకో మంచి సంగతి ఉంది. ఫోటోలో పొందుపరిచిన కర్త వివరాలను కావాలని చెరిపేయడం కూడా నేరమే, రెండేళ్ల దాకా జైలు. మీ ఫోటో ఎవరైనా సైట్‌లో పెట్టుకుంటే, దాన్ని నిలవచేస్తున్న సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. 36 గంటల్లో వాళ్లు దాన్ని ఆపాలి. 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తేలేకపోతే వాళ్లు మళ్లీ తెరవవచ్చు. కోర్టుల దాకా మనమెవరం పోతాం? కానీ ఈ సెక్షన్ల పేర్లు ఉత్తరంలో ఉంటే ఉత్తరానికి బరువు వస్తుంది, అది నా అనుభవం. ఉత్తరం రాసే ముందు ఆ పేజీని తేదీ, చిరునామా కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నోటీసు పోగానే అది మాయమవుతుంది.

ఇప్పుడు మన చేతిలో ఉన్న పనులు.

ఫోన్‌తోనో కెమెరాతోనో తీసిన ప్రతి ఫోటో ఫైలు లోపల కొన్ని వివరాలు దాగి ఉంటాయి. తేదీ, కెమెరా పేరు, ఒక్కోసారి తీసిన చోటు. వాటి పక్కనే తీసినవారి పేరు, కాపీరైట్ అని రాసుకునే గళ్లు కూడా ఉంటాయి. కంప్యూటర్‌లో ఫోటో మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌కు వెళ్తే కనిపిస్తాయి. మనం వాటిని నింపం. నింపినా వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటోను కుదించడమే కాదు, ఆ వివరాలనూ చెరిపేస్తుంది. చాలా సోషల్ మీడియాలదీ అదే వరస. కాబట్టి లోపలి వివరాలను ఒక్కటే నమ్ముకోవద్దు. అసలు ఫైలు మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి. తగాదా వస్తే అదే సాక్ష్యం. నా దగ్గర అసలు ఫైలు, ఆ రోజు దానికి ముందూ వెనకా తీసిన ఇంకో ఆరు ఉండబట్టే ఆ కంపెనీ దిగివచ్చింది.

నెట్‌లో పెట్టేది చిన్న సైజు పెట్టండి. పొడుగు వైపు 1200 పిక్సెల్స్ ఉంటే ఫోన్‌లో చూడటానికి చాలు, పోస్టరు వేయడానికి చాలదు. ఇక పేరు ఎక్కడ రాయాలి? నడిమధ్యలో పెద్ద అక్షరాలతో రాస్తే బొమ్మ చూడబుద్ధి కాదు. మూలన రాస్తే కత్తిరిస్తారు. ఇప్పుడు ఎక్కడ రాసినా చెరిపేసే యాప్‌లు వచ్చాయి. దొంగను ఆపే తాళం నా దగ్గర లేదు. నేను చేస్తున్నది ఇది: బొమ్మ కింద వేలెడంత తెల్ల పట్టీ కలిపి దాని మీద ఊరు, ఏడాది, తీసినవారి పేరు రాస్తాను. మన పాత అట్ట లాగా. ఎక్కువమంది దొంగలు కాదు, బద్ధకస్తులు. పట్టీ ఉంటే పట్టీతోనే పంపిస్తారు. లేకపోతే లేకుండానే పంపిస్తారు.

పిల్లల ఫోటోలు, ఇళ్ల ఫోటోలు పెట్టేటప్పుడు చోటు వివరాలు తీసేయండి. మన బ్యాచ్‌ల ఆడపడుచుల్లో కొందరికి తమ ఫోటోలు బయట తిరగడం ఇష్టం లేదు. ఇద్దరు నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు. అడిగి పెట్టండి. ఆ తాత నాకు చెప్పినట్టు, ఏది రాయాలో ఏది రాయకూడదో చెప్పే హక్కు బొమ్మలో ఉన్న మనిషికి ఉంటుంది.

సావనీర్ సంగతికి వస్తాను. మన గ్రూప్‌లో ఇప్పటికి నాలుగు వందల పైచిలుకు ఫోటోలు పోగయ్యాయి. సగానికి పైగా 'ఫార్వార్డెడ్' అని వచ్చినవే. ఫార్వార్డ్ చేసినవాడు కర్త కాదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఫోటో ఒకటి చాలా బాగుంది, పిల్లలమర్రి ఊడలది ఒకటి ఉంది. ఎవరివో తేలే దాకా అవి వేయవద్దని కమిటీని కోరుతున్నాను. 'గూగుల్ సౌజన్యంతో' అని మాత్రం దయచేసి వేయవద్దు. ఆ రెండూ మన పొరుగునే ఉన్నాయి కదా, బస్సెక్కి పోయి తీసుకొచ్చే కుర్రాళ్లు లేరా మన దగ్గర? వాళ్ల పేర్లు వేద్దాం.

మీరు పంపేవి వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, తగ్గకుండా వస్తుంది. ఆరు అంగుళాల వెడల్పున అచ్చు కావాలంటే కనీసం 1800 పిక్సెల్స్ కావాలి. గులాబీ పువ్వుతో వచ్చినది అగ్గిపెట్టె సైజుకు కూడా పనికిరాదు. రంగులద్దినవి వద్దు.

చివరిగా ఒక మాట. స్టూడియో ఆయన ఇప్పుడు లేరు. పోయిన వారం వాళ్ల అబ్బాయిని కలిశాను. మన పుస్తకంలో జరిగిన తప్పు ఒప్పుకున్నాను. ఆయన నవ్వి లోపలికి పోయి రెండు పాత బిస్కెట్ డబ్బాలు తెచ్చాడు. బటర్ పేపర్‌లో చుట్టిన నెగెటివ్‌లు, ప్రతి చుట్ట మీదా నంబరు. డబ్బాలు ఇవ్వలేదు, ఇవ్వనవసరం కూడా లేదు. తనే తెచ్చి స్కాన్ చేయించి తీసుకుపోతానన్నాడు. ఇవాళ వచ్చాడు, వెనక వరండాలో బల్ల దగ్గర ఉన్నాడు. మీ ఇళ్లలో ఆయన నాన్న తీసిన ప్రింట్లు ఉంటే భోజనాల తర్వాత ఆ బల్ల దగ్గరికి తీసుకెళ్లండి. ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి, రెండూ స్కాన్ చేస్తారు. వెనక ఉన్న నంబరు డబ్బాలో దొరికితే అసలు నెగెటివ్ నుంచే అచ్చు వేసుకోవచ్చు. 1985 నంబరు పొద్దున్నే దొరికింది. అందులో అటెండర్ పూర్తిగా ఉన్నాడు, చేతిలో గంట కొట్టే సుత్తితో సహా.